ల్యాప్‌టాప్ ఏల వేడెక్కును?

పని చేయు ప్రతి వస్తువును వేడెక్కును. పొలమున బోరు మోటారు కొంతసేపు తిరిగిన పిమ్మట దాని పైభాగము చేయి పెట్టలేనంత వేడిగా నుండును. తాండూరు బండలను కోయు చోట రంపపు చక్రముపై ఎడతెగక నీటిధార పడుచుండును. ఆ నీరు ఆగినచో రాపిడి వలన పుట్టిన వేడికి చక్రము చెడిపోవును. రైతు మిట్టమధ్యాహ్నము కాడి విప్పి ఎద్దులను చెట్టునీడకు తోలును. పని యున్న చోట వేడి యుండును. వేడి యున్న చోట దానిని బయటకు పంపు ఉపాయము కూడ నుండవలెను. ల్యాప్‌టాప్ అను చిన్న కంప్యూటరు సైతము ఈ నియమమునకు లోబడినదే.

వికారాబాదు జిల్లాలో పరిగికి సమీపమున దోమ అను మండల కేంద్రము కలదు. ఆ ప్రాంతమున పాలిటెక్నిక్ ప్రవేశపరీక్షకు చదువుకొనుచున్న ఒక బాలిక యున్నదనుకొనుడు. ఆమె తండ్రి ఆ యేడు పండిన కందులను తాండూరు మార్కెట్టులో అమ్మి, అప్పులు తీర్చగా మిగిలిన ధనముతో కూతురికి ఒక పాత ల్యాప్‌టాప్ కొనియిచ్చెను. దానిలో విండోస్ 10 అను ఆపరేటింగ్ సిస్టము ఉండెను. ఆ సిస్టమునకు దానిని తయారుచేసిన మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ సహాయమును 2025 అక్టోబరు 14వ తేదీతో ముగించెను. దాని తరువాతిదైన విండోస్ 11ను ఆ పాత యంత్రము స్వీకరింపలేదు. అందువలన కంప్యూటరు తెలిసిన ఒక బంధువు దానిలో లినక్స్ అను ఉచిత ఆపరేటింగ్ సిస్టమును ఎక్కించి యిచ్చెను.

కొన్నాళ్ళు అంతయు బాగుగనే యుండెను. యంత్రము మునుపటికంటె చురుకుగా తెరచుకొనుచుండెను. కాని ఎండలు ముదిరిన కొలది దాని అడుగుభాగము కాలజొచ్చెను. లోపలి ఫ్యాను గాలివానవలె హోరుపెట్టుచుండెను. ఏప్రిల్ నెలలో ఒక మధ్యాహ్నము గణిత పాఠము నడుచుచుండగానే తెర నల్లబడి యంత్రము ఆగిపోయెను. “లినక్స్ వేసినందువలననే ఇట్లు జరిగినది” అని చూచినవారందరును తీర్పు చెప్పిరి. తండ్రి మాత్రము ఏమియు ననలేదు. మరియొక యంత్రము కొనవలెనన్నచో మరియొక పంట చేతికి రావలెనని ఆయనకు తెలియును. పరీక్షకు నెలరోజులైనను లేదు.

ఆ తీర్పు సరియైనదేనా? తెలుగునాట కాకతాళీయ న్యాయమను మాట ఒకటి కలదు. కాకి వచ్చి తాటిచెట్టుపై వ్రాలెను. అదే క్షణమున పండు రాలెను. కాకి వ్రాలుటచేతనే పండు రాలినదని చూచువాడు తలంచును. పండు ముందే మ్రగ్గియుండెననియు, తొడిమ ముందే సడలియుండెననియు అతడు గమనింపడు. ఒక సంగతి తరువాత మరియొకటి జరిగినంత మాత్రమున మొదటిది రెండవదానికి కారణము కానేరదు. అట్లని అది ఎన్నడును కారణము కాదని చెప్పుటయు తప్పే. కాకి పెద్దదైనచో కొమ్మ ఊగవచ్చును; ఊగిన కొమ్మనుండి పండు రాలవచ్చును. నిజము తెలియవలెనన్నచో చెట్టెక్కి తొడిమను పరీక్షింపవలెను. కావున మొదట ల్యాప్‌టాప్‌లో వేడి ఎచ్చట పుట్టుచున్నదో తెలిసికొనవలెను.

ల్యాప్‌టాప్‌లో ప్రధానమైన భాగము ప్రాసెసరు. అది బొటనవేలి గోరంత సిలికాను పలుక. దానిపై ట్రాన్సిస్టర్లు అను అతిసూక్ష్మమైన మీటలు నూరుకోట్లకు మించి యుండును. ప్రతి లెక్కయు, ప్రతి అక్షరమును, ప్రతి బొమ్మయు ఈ మీటలు తెరచుకొనుట, మూసికొనుట వలననే ఏర్పడును. అవి సెకనుకు కొన్ని వందల కోట్ల పర్యాయములు ఆడగలవు. ఒక మీట ఆడినప్పుడెల్ల కొద్ది విద్యుత్తు దానిగుండా పారి వేడిగా మారును. తీగలో పారు విద్యుత్తు వేడిగా మారు విధమును 1840 దశకమున ఇంగ్లండు దేశస్థుడైన జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ లెక్క గట్టి చూపెను. ప్రాసెసరు తీసికొనిన విద్యుత్తంతయు చివరకు వేడిగనే బయటపడును.

ఈ వేడి ఎంత? పాత ల్యాప్‌టాప్‌లలో అనేకమందు ప్రాసెసరు సుమారు 15 వాట్ల విద్యుత్తు వాడునట్లు నిర్మింపబడినది. పదునైదు వాట్లనగా ఒక చిన్న ఎల్.ఇ.డి. బల్బు వాడుక, వినుటకు స్వల్పమే. కాని వైశాల్యమును కూడ లెక్కింపవలెను. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె అడుగు సుమారు 200 చదరపు సెంటీమీటర్లు ఉండుననుకొన్నచో, ఒక్కొక్క చదరపు సెంటీమీటరుకు వచ్చునది 5 వాట్లు మాత్రమే. ప్రాసెసరు పలుక ఒకటిన్నర చదరపు సెంటీమీటరు ఉండినచో చదరపు సెంటీమీటరుకు 10 వాట్లు వచ్చును. అనగా ఆ గోరంత స్థలము ఇస్త్రీపెట్టె అడుగుకంటె రెండు రెట్లు వేడిని పుట్టించుచున్నది. దానిని వెంటవెంటనే తీసివేయని యెడల ప్రాసెసరు త్వరలోనే మితిమీరి వేడెక్కును.

వేడిని తగ్గించుటకు రెండు మార్గములు కలవు. పుట్టు వేడిని తక్కువ చేయుట ఒకటి. పుట్టిన వేడిని త్వరగా బయటకు పంపుట రెండవది. మొదటి మార్గము చాల వరకు ఆపరేటింగ్ సిస్టము చేతిలో నున్నది. రెండవ మార్గము లోహము, గాలి, ఫ్యానుల మీద ఆధారపడియున్నది. ఈ రెండింటి భేదమును గుర్తించినవారికి సమస్యలో సగము విడిపోవును.

మొదటి మార్గమునకు ఒక చిన్న లెక్క కలదు. మీటలు ఆడుటవలన పుట్టు వేడి, వాటి వేగమును బట్టియు, వాటికిచ్చు వోల్టేజి యొక్క వర్గమును బట్టియు పెరుగును. వేగమును సగము చేసినచో తక్కువ వోల్టేజి చాలును. వోల్టేజిని అయిదింట నాలుగు వంతులకు దించితిమనుకొన్నచో, దాని వర్గము ఇరువదియైదింట పదునారు వంతులగును. దానిలో సగము ఇరువదియైదింట ఎనిమిది వంతులు. అనగా వేగము సగమైనను వేడి మూడవ వంతునకు దిగినది. పని పూర్తియగుటకు రెట్టింపు కాలము పట్టును. అయినను మొత్తము మీద ఖర్చగు విద్యుత్తు తక్కువే. బరువైన బండిని పరుగున లాగిన ఎద్దు వగర్చును. అదే బండిని మెల్లగా లాగిన ఎద్దు అలయక ఊరు చేరును.

ఇంతేకాదు, పని లేనప్పుడు ప్రాసెసరును నిద్రపుచ్చవచ్చును. విద్యార్థి తెరమీది పేరాను చదువుచున్న ఒక నిమిషములో ప్రాసెసరుకు నిజముగా నుండు పని బహు స్వల్పము. మిగిలిన కాలమున అది నిద్రించినచో వేడి పుట్టదు. ఇట్టి విశ్రాంతికి “ఆగుము” అను ఆజ్ఞ ప్రాసెసరులో చాల కాలమునుండి యున్నది. 1995లో వచ్చిన విండోస్ 95 ఖాళీ సమయమున ఈ ఆజ్ఞను వాడకుండెను. అందుకై కొందరు వేరుగా చిన్న ప్రోగ్రాములు తెచ్చుకొని వాడుకొనిరి. లినక్స్ ఆ కాలమునందే ఆ ఆజ్ఞను వాడుచుండెను. కావున లినక్స్ స్వభావముచేతనే యంత్రమును కాల్చునను మాట నిలువదు. వేగమును ఎప్పుడు పెంచవలెను, ఎప్పుడు తగ్గింపవలెను, ఏ భాగమును ఎంత లోతుగా నిద్రపుచ్చవలెను అను నిర్ణయములు సరిగా నున్నంత వరకు ఏ సిస్టమైనను యంత్రమును చల్లగనే ఉంచగలదు.

ఇక పుట్టిన వేడి బయటకు పోవు విధము. ప్రాసెసరుపై ఒక రాగి పలక యుండును. రెండింటి నడుమ సందులేకుండ వేడిని అందించు లేపనము పూయబడి యుండును. ఆ పలకనుండి చదునైన రాగి గొట్టము ఒకటి యంత్రపు అంచువరకు పోవును. దాని లోపల నున్నది కొద్దిపాటి నీరు మాత్రమే. గొట్టములోని గాలిని ముందే తీసివేసి మూసినందున ఆ నీరు తక్కువ వేడికే ఆవిరియగును. ప్రాసెసరు చెంత ఆవిరియై వేడిని పీల్చుకొని, చల్లని కొనకు పరుగెత్తి, అచ్చట తిరిగి నీరై వేడిని విడిచిపెట్టును. ఆ నీటిని గొట్టపు లోగోడనున్న సన్నని పొర దీపపు వత్తి నూనెను లాగినట్లు వెనుకకు లాగును. అన్నము ఉడుకునప్పుడు మూతకు తగిలిన ఆవిరి చుక్కలై తిరిగి గిన్నెలో పడుట ప్రతి యింటను కనిపించు దృశ్యమే. ఇట్టి గొట్టమును 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జి గ్రోవర్ అను శాస్త్రజ్ఞుడు నిర్మించి చూపెను. అంతరిక్ష యంత్రముల కొరకు వృద్ధియైన ఈ ఉపాయము నేడు విద్యార్థి సంచిలోని ల్యాప్‌టాప్‌లో పనిచేయుచున్నది.

గొట్టపు చల్లని కొనకు దువ్వెన పండ్లవలె పలుచని రేకులు అమర్పబడి యుండును. ఫ్యాను అడుగునుండి గాలిని పీల్చి ఆ రేకుల నడుమనుండి బయటకు తోయును. ఇచ్చటనే ఊరికిని ఋతువునకును సంబంధము కలుగుచున్నది. వేడి వస్తువునుండి వేడి పోవు వేగము, ఆ వస్తువునకును చుట్టునున్న గాలికిని గల ఉష్ణోగ్రతా భేదమును బట్టి యుండును. ఒక యంత్రము ఒకానొక పని చేయునప్పుడు గదికంటె 30 డిగ్రీలు ఎక్కువ వేడిగా నిలుచుననుకొనుడు. పౌష మాసపు ఉదయమున దోమలో గది 15 డిగ్రీలుండినచో ప్రాసెసరు 45 డిగ్రీలు చూపును. వైశాఖ మధ్యాహ్నమున గది 42 డిగ్రీలుండినచో అదే యంత్రము, అదే పనికి 72 డిగ్రీలు చూపును. ఇందులో యంత్రము దోషమును లేదు. సిస్టము దోషమును లేదు.

ఇప్పుడు దీనికి దుమ్మును కలిపి చూడవలెను. తాండూరు పరిసరములలో బండల గనులును, బండలను నునుపు చేయు కర్మాగారములును, సిమెంటు కర్మాగారములును కలవు. సన్నని రాతిపొడి గాలిలో తేలుచుండును. దూది పోగులును, వెండ్రుకలును, ఆ పొడియు కలిసి ఫ్యాను రేకుల నడుమ కంబళివలె పేరుకొనును. గాలి ఆడదు. అప్పుడు భేదము 30 డిగ్రీల నుండి 50 డిగ్రీలకు పెరిగెననుకొన్నచో, చలికాలమున ప్రాసెసరు 65 డిగ్రీలుండును, ఎవరును గమనింపరు. వేసవిలో అదే 92 డిగ్రీలగును, అందరును గమనింతురు. అనేక ప్రాసెసర్లకు మితి సుమారు 100 డిగ్రీలు. ఆ మితిని సమీపించినప్పుడు ప్రాసెసరు తనంతట తానే వేగమును తగ్గించుకొనును. అప్పటికిని వేడి తగ్గనియెడల ప్రాణరక్షణకై యంత్రము ఆగిపోవును. దుమ్ము చేరినది రెండేండ్లలో. వేసవి వచ్చినది నిన్న. లినక్స్ ఎక్కినది మొన్న. నింద మాత్రము లినక్స్‌పై పడినది.

అయినను లినక్స్‌ను పూర్తిగా నిర్దోషి యనుట తొందరపాటగును. లినక్స్‌కు 1991లో ఫిన్లాండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థియైన లినస్ టోర్వాల్డ్స్ అంకురార్పణ చేసెను. అప్పుడాతని వయస్సు 21 సంవత్సరములు. నాటినుండి ప్రపంచమందలి వేలకొలది ప్రోగ్రామర్లు దానిని వృద్ధిచేయుచున్నారు. దాని మూలము ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. హైదరాబాదు కేంద్రముగా పనిచేయు స్వేచ్ఛ అను సంస్థ దీనిని తెలుగులోనికి తెచ్చుటకు కృషి చేసినది. కేరళ రాష్ట్రము పాఠశాలలలో కంప్యూటరు విద్యకు దీనినే ఎన్నుకొన్నది. కాని ల్యాప్‌టాప్‌లను తయారుచేయు సంస్థలలో పెక్కు తమ యంత్రములను విండోస్‌తోనే పరీక్షించి అమ్ముచున్నవి. ఫ్యాను ఎప్పుడు తిరుగవలెను, ఏ భాగము ఎప్పుడు నిద్రింపవలెను అను వివరములను కొన్ని సంస్థలు బయటకు చెప్పవు. అట్టి యంత్రమున లినక్స్, పొరుగూరినుండి వచ్చిన పాలేరువలె ఏ గట్టున నీరు పారునో తెలియక కొంత తడబడును.

2011వ సంవత్సరమున జరిగిన ఒక సంగతి దీనికి మంచి ఉదాహరణము. ఆ యేడు మార్చి నెలలో లినక్స్ మూలభాగమైన కెర్నెల్ యొక్క 2.6.38 సంచిక వెలువడెను. పిమ్మట అనేక ల్యాప్‌టాప్‌లు మునుపటికంటె ఎక్కువ విద్యుత్తు త్రాగజొచ్చెను. విద్యుత్తు ఎక్కువగుట యనగా వేడి ఎక్కువగుటయే. ఫొరోనిక్స్ అను పత్రికను నడుపు మైకేల్ లారబెల్ ఈ విషయమును పట్టుకొనెను. పాత సంచికకును కొత్త సంచికకును నడుమ జరిగిన మార్పులను సగము సగముగా విడదీసి, ఒక్కొక్క సగమును యంత్రముపై కొలిచి చూచుచు, చివరకు దోషము గల మార్పును గుర్తించెను. వేయి మార్పులున్నను ఈ పద్ధతిచే పది కొలతలలో ఒక్కదానికి చేరవచ్చును. ఏలయన ప్రతి కొలతతోను శేషించునది సగమే.

ఆ దోషమేమి? ల్యాప్‌టాప్‌లో ప్రాసెసరుకును ఇతర భాగములకును నడుమ విద్యుత్ మార్గములుండును. పని లేనప్పుడు ఆ మార్గములు కూడ నిద్రింపగలవు. కాని పెక్కు యంత్రములలో తయారీదారులు వ్రాసియుంచిన పట్టికలో “ఈ నిద్ర ఇచ్చట పనికిరాదు” అని యుండెను. నిజమునకు అదే యంత్రమున ఆ నిద్ర ముందే అమర్పబడియు నుండెను. కొత్త కెర్నెల్ పట్టికలోని మాటను నమ్మి, అమరియున్న నిద్రను కూడ తొలగించెను. అదే సంవత్సరము నవంబరులో మాథ్యూ గారెట్ అను ప్రోగ్రామరు, ఇట్టి పట్టిక యెదురైనప్పుడు విండోస్ ఏమి చేయునో ఊహించి, ఉన్న అమరికను కదల్పక విడిచిపెట్టునట్లు సవరణ వ్రాసెను. 2012 మార్చిలో వెలువడిన 3.3 సంచికలో ఆ సవరణ చేరెను. తప్పు జరిగినది, తప్పును కొలిచినవారు కలరు, కొలిచినందున దిద్దినవారు కలరు. మూలము అందరి కండ్లయెదుట నుండుటచేతనే ఇది సాధ్యమైనది.

నేటి యంత్రములలో వేడికి వేరు కారణములు కొన్ని తరచుగా కనిపించును. కొన్ని ల్యాప్‌టాప్‌లలో బొమ్మలు గీయుటకు రెండు ప్రాసెసర్లు ఉండును. ఒకటి మితవ్యయము గలది. మరియొకటి ఆటలకు, పెద్ద పనులకు ఉద్దేశింపబడిన బలమైనది. తగిన డ్రైవరు లేనియెడల ఆ రెండవది పని లేకున్నను మేలుకొనియే యుండి వేడెక్కును. ఇట్టి ప్రాసెసర్లను చేయు ఎన్విడియా సంస్థ చాలకాలము తన డ్రైవరుల మూలమును దాచియుంచి, 2022 మే నెలలో కెర్నెల్‌లో పనిచేయు భాగముల మూలమును బహిరంగపరచెను. రెండవ కారణము వీడియో పాఠములు. వీడియోను విప్పి చూపుటకు యంత్రములో ప్రత్యేకమైన భాగము ఉండును. లినక్స్‌లో కొన్ని బ్రౌజర్లు దానిని వాడక, ఆ బరువునంతయు ప్రధాన ప్రాసెసరుపైనే వేయును. మూడవది క్రొత్తగా సిస్టము ఎక్కించిన తొలి దినములలో జరుగు పని. అప్పుడది నవీకరణములను దింపుకొనుచు, ఫైళ్ళ పట్టిక తయారుచేసికొనుచు గంటలకొలది శ్రమించును. క్రొత్తయింట సామాను సర్దుకొనునంత వరకు ఉండు సందడి వంటిదది; తనంతట తానే అణగును.

ఈ కారణములలో ఏది నిజమైనదో ఊహచే తేలదు, కొలతచే తేలును. లినక్స్‌లో ఉష్ణోగ్రతను చూచుట సులభము. కెర్నెల్ తన కొలతలను చిన్న ఫైళ్ళలో వ్రాసియుంచును. అందు 47000 అని యుండినచో దానిని వేయిచే భాగింపగా 47 డిగ్రీలని తెలియును. సెన్సార్స్ అను ఆజ్ఞ ఈ సంఖ్యలను చక్కగా వరుసపెట్టి చూపును. టాప్ అను ఆజ్ఞ ఏ ప్రోగ్రాము ప్రాసెసరును ఎంత వాడుచున్నదో చెప్పును. పవర్‌టాప్ అను సాధనము ఏ భాగము నిద్రపోక తిరుగుచున్నదో చూపును. ఒక నోటుపుస్తకములో గీతలు గీసి, గది ఉష్ణోగ్రత, చేయుచున్న పని, ప్రాసెసరు ఉష్ణోగ్రత అను మూడింటిని వ్రాసికొనవలెను. ఏ పనియు లేనప్పుడు ఒక కొలత, వీడియో చూచునప్పుడు ఒక కొలత, పదినిమిషముల తరువాత ఒక కొలత తీయవలెను.

సంఖ్యలు తామే మాటలాడును. ఏ ప్రోగ్రామును పని చేయకున్నను, టాప్‌లో ప్రాసెసరు ఖాళీగా కనబడుచున్నను, యంత్రము మిక్కిలి వేడిగా నున్నచో తప్పు గాలి మార్గమునందో, నిద్రింపని వేరొక భాగమునందో కలదు. ఒకే ప్రోగ్రాము ఎడతెగక ప్రాసెసరును ఆక్రమించి యున్నచో దోషము దానిదే. వీడియో పెట్టినప్పుడు మాత్రమే వేడి యెగబ్రాకినచో వీడియో విప్పు విధమును చూడవలెను. ఏ మార్పు చేసినను ఒకసారి ఒక్కటే చేయవలెను. చేసిన వెంటనే తిరిగి కొలువవలెను. ఒకేసారి నాలుగు మందులు మ్రింగిన రోగి కోలుకొన్నను, ఏ మందు పనిచేసినదో వైద్యుడు చెప్పలేడు.

చికిత్సలో ఖర్చు లేనివి ముందు చేయవలెను. ల్యాప్‌టాప్‌ను బొంతమీద, పరుపుమీద, ఒడిలో ఉంచి వాడరాదు. అడుగునున్న రంధ్రములు మూసికొనిపోవును. చదునైన బండమీదనో, చెక్కబల్లమీదనో ఉంచి, వెనుకవైపు రెండు మూలలక్రింద చిన్న చెక్కముక్కలు పెట్టినచో గాలి చొరబడును. రేకుల యింట మిట్టమధ్యాహ్నము పని చేయుటకంటె తెల్లవారుజామున చదువుకొనుట యంత్రమునకును విద్యార్థికిని మేలు. వీడియోను చిన్నదైన 480 పరిమాణమున చూచినచో పాఠము తెలియుటలో లోపముండదు. ప్రాసెసరు బరువు మాత్రము మిక్కిలి తగ్గును.

తరువాత సిస్టమును సవరింపవలెను. నవీకరణము లన్నియు పూర్తిచేయవలెను. సెట్టింగులలో “పవర్ సేవర్” అను అమరికను ఎన్నుకొనినచో ప్రాసెసరు అనవసరముగా పరుగులు తీయదు. టర్బో అను అధిక వేగమును నిషేధించినచో పని కొద్దిగా మెల్లనైనను వేడి గణనీయముగా తగ్గును; కారణము ముందు చెప్పిన వోల్టేజి వర్గపు లెక్కయే. థర్మాల్డ్ అను సేవ ఇంటెల్ ప్రాసెసర్లలో వేడి మితిమీరకముందే వేగమును తగ్గించును. టి.ఎల్.పి. అను సాధనము అనేక భాగములను నిద్రపుచ్చు అమరికలను ఒక్కసారిగా చేయును. కాని టి.ఎల్.పి.ని, సిస్టముతో వచ్చిన పవర్ ప్రొఫైల్స్ సేవను రెండింటిని కలిపి నడుపరాదు. ఒకే బండికి ఇద్దరు సారథులున్నచో ఎద్దులు ఎటు నడువగలవు? రెండు బొమ్మల ప్రాసెసర్లు గల యంత్రమున తగిన డ్రైవరు ఎక్కించి, బలమైనదానిని అవసరము లేనప్పుడు నిద్రింపజేయవలెను.

అప్పటికిని తగ్గనియెడల దుమ్ము తీయించవలెను. ఈ పనికి ముందు యంత్రమును పూర్తిగా ఆపి, చార్జరు తీసి, చల్లారనీయవలెను. బయటి రంధ్రములను మెత్తని బ్రష్షుతో తుడువవచ్చును. నోటితో ఊదరాదు, తేమ లోపలకు పోవును. గాలి కొట్టునప్పుడు ఫ్యాను రెక్కలను కదలకుండ పట్టుకొనవలెను. లేనిచో అవి మితిమీరిన వేగముతో తిరిగి చెడిపోవచ్చును. అడుగుభాగమును విప్పుట, ఎండిన లేపనమును గీకి క్రొత్తది పూయుట పిల్లలు చేయదగిన పనులు కావు. రిపేరు తెలిసినవారిచేత చేయింపవలెను. బ్యాటరీ ఉబ్బి అడుగుభాగము పైకి లేచినట్లు కనిపించినచో యంత్రమును వెంటనే ఆపి, చార్జింగు పెట్టక, పెద్దలకు చెప్పవలెను. ఉబ్బిన బ్యాటరీని నొక్కినను, గుచ్చినను మంటలు లేచు ప్రమాదము కలదు. వేడి తగ్గించుటకు తడిగుడ్డ కప్పుట, ఫ్రిజ్‌లో పెట్టుట వంటి పనులు యంత్రమును ముంచు పనులే. అర్థము తెలియని ఆజ్ఞలను ఎవరో చెప్పిరని టైపు చేయుటయు అట్టిదే. 2011 నాటి దోషమునకు కొందరు ఒక బలవంతపు ఆజ్ఞను వాడిరి. కొన్ని యంత్రములు దానిచే చల్లబడెను, మరికొన్ని బిగుసుకొనిపోయెను.

ఇప్పుడు దోమలోని బాలికను తిరిగి చూడుడు. ఆమె నోటుపుస్తకము తీసికొని రెండు దినములు కొలతలు వ్రాసెను. ఊరక యున్నప్పుడే యంత్రము గదికంటె చాల వేడిగా నుండెను. వీడియో పెట్టగానే తొంబది దాటెను. పరిగిలోని రిపేరు దుకాణమున అడుగు విప్పగా రేకుల నడుమ బూడిదరంగు దుమ్ము దట్టమైన పొరగా పేరుకొని యుండెను. దానిని తీసి లేపనము మార్చిన పిమ్మట వేడి చాల భాగము తగ్గెను. అటుపై ఇంట టర్బోను నిషేధించి, వీడియో పరిమాణమును తగ్గింపగా మిగిలిన భాగమును తగ్గెను. దుమ్ము దోషము పెద్దది. వీడియో విప్పు దోషము చిన్నది. కాకియు కొంత కదల్చెను, పండును మ్రగ్గియుండెను. నోటుపుస్తకములోని అంకెలు చెప్పకున్నచో ఈ రెండు భాగములు ఎవరికిని వేరుగా కనిపించియుండవు.

వేడిని లేకుండ చేయుట ఎవరికిని సాధ్యము కాదు. దానిని తగ్గించుట, దారి చూపి బయటకు పంపుట మాత్రమే మానవుని చేతిలో నున్నది. యంత్రము చెడినప్పుడు చివరగా మార్చిన వస్తువుపై నింద మోపుట సులభము. నింద మోపి క్రొత్తది కొనుట ధనవంతులకు సులభము. పంటను నమ్ముకొన్న యింటికి ఆ రెండు మార్గములును మూసికొనియే యుండును. అట్టి యింట ఒక నోటుపుస్తకమును, ఒక పెన్సిలును, ఓర్పుతో కూడిన నాలుగు కొలతలును ఒక పంట ధనమును కాపాడగలవు. ఆ సాయంత్రము తండ్రి పొలమునుండి తిరిగి వచ్చునప్పటికి ల్యాప్‌టాప్ బండపై చప్పుడు లేక నడుచుచుండెను. బాలిక ఆగిపోయిన గణిత పాఠమును మొదటినుండి వినుచుండెను.